ట్రైనీ సొలిసిటర్ దరఖాస్తు ప్రశ్నలు

ఇంగ్లాండు, వేల్సులలో సొలిసిటరుగా శిక్షణ పొందగోరే విద్యార్థులు న్యాయవాద సంస్థలకు పంపే దరఖాస్తులో వ్రాతపూర్వకంగా సమాధానమివ్వవలసిన ప్రశ్నలను ట్రైనీ సొలిసిటర్ దరఖాస్తు ప్రశ్నలు అంటారు. సాధారణంగా ఒక్కొక్క సమాధానానికి 200 నుండి 500 పదాల పరిమితి ఉంటుంది. 'సొలిసిటరు ఎందుకు కాదలచుకున్నారు?', 'మా సంస్థనే ఎందుకు ఎంచుకున్నారు?', 'బృందంలో పనిచేసిన ఒక సందర్భాన్ని వివరించండి' అనే ఈ ప్రశ్నలు చూడడానికి అతి సులభంగా కనిపిస్తాయి. అయినప్పటికీ మంచి మార్కులతో పట్టా పొందినవారు సైతం చాలామంది వెనుదిరిగేది ఈ దశలోనే. స్కాట్లాండు, ఉత్తర ఐర్లాండులలో న్యాయవ్యవస్థ వేరు కాబట్టి అక్కడి పద్ధతులు ఈ వ్యాసంలో చేర్చబడలేదు.

సొలిసిటరు వృత్తి, శిక్షణ

ఇంగ్లాండులో న్యాయవాద వృత్తికి సొలిసిటరు, బారిస్టరు అని రెండు ప్రధాన శాఖలు ఉన్నాయి. కక్షిదారునితో నేరుగా వ్యవహరించి ఒప్పందాలు, వీలునామాలు, స్థిరాస్తి బదిలీలు, కంపెనీల కొనుగోళ్ళు, వ్యాజ్యాల తయారీ వంటి పనులు చూసేవారు సొలిసిటర్లు. ప్రధానంగా ఉన్నత న్యాయస్థానాలలో వాదించేవారు బారిస్టర్లు. భారతదేశంలో 1961 నాటి అడ్వొకేట్ల చట్టం అందరినీ 'అడ్వొకేటు' అనే ఒకే వర్గం క్రిందకు తెచ్చింది. అందువలన తెలుగులో 'న్యాయవాది' అన్న ఒక్క మాటతో ఈ తేడాను చెప్పడం కష్టం. దరఖాస్తులోని మొదటి ప్రశ్న మాత్రం ఈ తేడా మీదనే ఆధారపడి ఉంటుంది.

శిక్షణ కాలం రెండు సంవత్సరాలు. పెద్ద సంస్థలలో దీనిని సాధారణంగా ఆరేసి నెలల నాలుగు భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క విభాగంలో కూర్చోబెడతారు. ఈ భాగాలను 'సీట్లు' అంటారు. వృత్తిని నియంత్రించే సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ 2021 సెప్టెంబరు 1 నుండి సొలిసిటర్స్ క్వాలిఫయింగ్ ఎగ్జామినేషన్ అనే రెండంచెల పరీక్షను ప్రవేశపెట్టింది. అప్పటినుండి రెండేళ్ళ అనుభవాన్ని గరిష్ఠంగా నాలుగు చోట్ల సంపాదించే వీలు కలిగింది. అయినా పెద్ద సంస్థలు 'ట్రెయినింగ్ కాంట్రాక్టు' అన్న పాత పేరునూ, పద్ధతినీ కొనసాగిస్తూనే ఉన్నాయి. ఇవి పని మొదలయ్యే తేదీకి సుమారు రెండేళ్ళ ముందే అభ్యర్థులను ఎంపిక చేసుకొని, పరీక్షల ఖర్చును కూడా చాలావరకు తామే భరిస్తాయి. ఇంకా ఒక్క రూపాయి సంపాదించి పెట్టని వ్యక్తిపై ఇంత సొమ్ము వెచ్చించేవారు ప్రశ్నలు అడగడంలో ఆశ్చర్యం లేదు.

నేపథ్యం

1728 నాటి చట్టం ప్రకారం అటార్నీ లేదా సొలిసిటరు కాదలచినవాడు అయిదేళ్ళు ఒక సీనియరు వద్ద ఒప్పందపు గుమాస్తాగా పనిచేయవలసి ఉండేది. ఆ ఒప్పంద పత్రాన్ని 'ఆర్టికల్స్' అనేవారు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివే తెలుగు విద్యార్థులకు సుపరిచితమైన 'ఆర్టికల్‌షిప్' అన్న మాట ఈ సంప్రదాయం నుండి వచ్చినదే. ఆ రోజులలో దరఖాస్తు ప్రశ్నలు లేవు. గుమాస్తాగా చేరేవాని తండ్రి సీనియరుకు 'ప్రీమియం' పేరిట రుసుము చెల్లించేవాడు. ఈ ఆచారం ఇరవయ్యవ శతాబ్దంలో కూడా చాలాకాలం కొనసాగింది. డబ్బు, పరిచయాలు ఉన్నవారికే ద్వారం తెరుచుకునేది. స్త్రీలకు అదీ లేదు. 1913లో బెబ్ వర్సెస్ లా సొసైటీ కేసులో, సొలిసిటర్ల చట్టంలోని 'వ్యక్తి' అన్న పదంలో స్త్రీలు చేరరని న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1919 చట్టం ఈ అడ్డంకిని తొలగించిన తరువాత, 1922లో క్యారీ మారిసన్ ఇంగ్లాండులో తొలి మహిళా సొలిసిటరుగా నమోదయింది.

అందరికీ ఒకే ప్రశ్నలు వేసి వ్రాతలో సమాధానం కోరే పద్ధతి ఈ పాత పద్ధతికంటే న్యాయమైనదే. అయితే ప్రశ్న వెనుక ఏమి ఆశిస్తున్నారో ఇంట్లోనో కళాశాలలోనో చెప్పేవారు ఉన్న అభ్యర్థికి నేటికీ కొంత అనుకూలత ఉన్నది. ఈ లోటును గుర్తించి, చదివిన పాఠశాల, కుటుంబ పరిస్థితులను బట్టి మార్కులను బేరీజు వేసే విధానాన్ని పలు సంస్థలు 2015 తరువాత చేపట్టాయి.

'ఎందుకు సొలిసిటరు?'

ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాలలో అధిక భాగం 'చిన్ననాటి నుండి నాకు న్యాయమంటే మక్కువ' అనే ధోరణిలో సాగుతాయి. ఇది అబద్ధం కాకపోవచ్చు కానీ, దీనివలన చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. బారిస్టరు, న్యాయశాస్త్ర అధ్యాపకుడు, న్యాయమూర్తి కాగోరేవారు కూడా ఇదే మాట వ్రాయవచ్చు. సొలిసిటరు రోజువారీ పనిలో ఏ అంశం అభ్యర్థిని ఆకర్షించిందో, దానిని ఎక్కడ స్వయంగా చూశాడో చెప్పినప్పుడే ఇది సమాధానమవుతుంది. విశ్వవిద్యాలయపు ఉచిత న్యాయ సలహా కేంద్రంలో ఒక అద్దెదారు తెచ్చిన కాగితాలను వరుసలో పెట్టి, ఇంటి యజమానికి ఉత్తరం తయారు చేసిన అనుభవం, న్యాయం గొప్పదనం గురించిన పేరా కంటే బలమైన సాక్ష్యం.

'మా సంస్థనే ఎందుకు?'

అన్నింటిలోకి కష్టమైనది ఇదే. చాలామంది సంస్థ వెబ్‌సైటులోని విశేషణాలనే తిరిగి సంస్థకు అప్పగిస్తారు. 'అంతర్జాతీయ ఖ్యాతి', 'స్నేహపూర్వక వాతావరణం', 'నాణ్యమైన శిక్షణ' అన్నవి ఏ సంస్థకైనా సరిపోయే మాటలు. దీనికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. సమాధానంలో సంస్థ పేరు తీసివేసి మరొక సంస్థ పేరు వ్రాసినా వాక్యం చెల్లుబాటయితే, ఆ వాక్యం పనికిరాదు. పాత సమాధానాన్ని నకలు చేసి పంపుతూ వేరే సంస్థ పేరును అలాగే వదిలివేసిన దరఖాస్తు వెంటనే తిరస్కరణకు గురవుతుంది.

సంస్థల మధ్య తేడాలు నిజంగానే పెద్దవి. లండనులో 'మ్యాజిక్ సర్కిల్' అని వ్యవహరించే అయిదు సంస్థలున్నాయి. అవి క్లిఫర్డ్ ఛాన్స్, ఫ్రెష్‌ఫీల్డ్స్, లింక్‌లేటర్స్, స్లాటర్ అండ్ మే, 2024లో ఆలెన్ అండ్ ఓవరీ విలీనంతో ఏర్పడిన ఎ అండ్ ఓ షియర్మన్. ఇవి ప్రధానంగా కంపెనీలకు, బ్యాంకులకు పనిచేస్తాయి. చిన్న పట్టణంలోని సంస్థ ఇళ్ళ క్రయవిక్రయాలు, వీలునామాలు, విడాకులు చూస్తుంది. మరికొన్ని సంస్థలు ప్రభుత్వ న్యాయ సహాయ నిధులతో పేదల కేసులు చేపడతాయి. 2012లో చేసిన చట్టం 2013 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చి, కుటుంబ వివాదాలు, సంక్షేమ భృతులు, వలస వ్యవహారాలకు సంబంధించిన న్యాయ సహాయాన్ని చాలావరకు కత్తిరించింది. ఇటువంటి సంస్థకు దరఖాస్తు చేసే అభ్యర్థికి ఈ సంగతి తెలియకపోతే, పేదలకు సేవ చేయాలన్న అతని ఆశయం ఎంత నిజమైనదైనా ఊకదంపుగానే కనిపిస్తుంది. ఆ నిధుల కోత తరువాత కూడా సంస్థ ఏ రకం కేసులు తీసుకుంటున్నదో తెలుసుకొని, తన అనుభవంలో దానికి దగ్గరగా ఉన్న ఒక్క విషయాన్ని చెప్పగలిగితే చాలు.

అనుభవ ప్రశ్నలు

బృందంలో పని, ఎదురుదెబ్బ, ఒత్తిడి, నాయకత్వం వంటి వాటికి ఉదాహరణ అడిగే ప్రశ్నలు ఈ కోవకు చెందుతాయి. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరుసలో చెప్పమని కళాశాలల ఉద్యోగ సలహాదారులు బోధిస్తారు. ఈ వరుస మంచిదే. అయితే సగం పదాలను పరిస్థితి వర్ణనకే ఖర్చు చేయడం విద్యార్థులలో సర్వసాధారణం. నాలుగు భాగాలలో మూడవదానికే ఎక్కువ చోటు దక్కాలి.

తెలుగు కుటుంబాలలో పెరిగిన విద్యార్థులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. 'నేను చేశాను' అని పదే పదే అనడం స్వోత్కర్షగా భావించి, 'మేము చేశాము' అని వ్రాయడం మనకు మర్యాద. కానీ చదివేవారు ఎంపిక చేయవలసినది బృందాన్ని కాదు, ఒక వ్యక్తిని. 'మేము ఉత్సవాన్ని విజయవంతంగా నిర్వహించాము' అన్న వాక్యం నుండి అభ్యర్థి గురించి ఏమీ తెలియదు. 'హాలు అద్దె పెరిగిందని తెలిసిన రోజు నేను ముగ్గురు యజమానులతో మాట్లాడి, తేదీ ఒక వారం వెనక్కు జరిపితే పాత అద్దెకే ఇస్తామన్న మాట తీసుకున్నాను' అన్న వాక్యం నుండి చాలా తెలుస్తుంది. ఇందులో గొప్పలు లేవు, జరిగినది మాత్రమే ఉన్నది.

అనుభవం న్యాయరంగానిదే కానవసరం లేదు. సూపర్‌మార్కెటులో గల్లా వద్ద పనిచేస్తూ కోపగించిన కొనుగోలుదారుని శాంతపరచిన విద్యార్థికి, కక్షిదారులతో వ్యవహరించడం గురించి చెప్పుకోదగినది ఉన్నట్లే.

వ్యాపార అవగాహన

'ఇటీవలి ఒక ఆర్థిక పరిణామం మా సంస్థపై ఎటువంటి ప్రభావం చూపుతుంది?' అన్నది మరొక తరహా ప్రశ్న. ఇక్కడ వార్తను తిరిగి చెప్పడం సమాధానం కాదు. ఉదాహరణకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు వడ్డీరేటు 2021 డిసెంబరు మధ్య వరకు 0.1 శాతం ఉండగా, 2023 ఆగస్టు నాటికి 5.25 శాతానికి చేరింది. ఇంతవరకు వార్త. అప్పు ఖరీదైనప్పుడు అప్పు తెచ్చి కంపెనీలు కొనే వ్యాపారం మందగిస్తుంది. పాత బాకీలు తిరగవ్రాసుకొనేవారు, చెల్లించలేక దివాలా అంచుకు చేరేవారు పెరుగుతారు. అంటే సంస్థలో కొనుగోళ్ళ విభాగానికి పని తగ్గి, రుణ పునర్వ్యవస్థీకరణ విభాగానికి పని పెరుగుతుంది. రెండవ విభాగం లేని సంస్థ ఇబ్బంది పడుతుంది. ఇక్కడివరకు వస్తేనే ప్రశ్నకు జవాబు చెప్పినట్లు. కారణం నుండి ఫలితానికి, ఫలితం నుండి ఈ ఒక్క సంస్థకు రావడం కష్టమైన విద్య ఏమీ కాదు. పత్రిక చదివిన ప్రతిసారీ 'దీనివలన ఎవరికి సలహా అవసరమవుతుంది?' అని ప్రశ్నించుకునే అలవాటుంటే సరిపోతుంది.

నిజాయితీ

ఇతర ఉద్యోగాల దరఖాస్తులలో అతిశయోక్తి చూసీ చూడనట్లు పోవచ్చునేమో గానీ, ఇక్కడ అది ప్రమాదకరం. సొలిసిటరు చేతికి ఇతరుల సొమ్ము, రహస్యాలు వస్తాయి. అందువలన వృత్తిలో నమోదుకు ముందు రెగ్యులేషన్ అథారిటీ అభ్యర్థి శీలాన్నీ, అర్హతనూ పరిశీలిస్తుంది. పరీక్షలలో నకలు కొట్టడం, మోసపూరిత ప్రవర్తన ఈ పరిశీలనలో లెక్కకు వస్తాయి. 1993 డిసెంబరులో బోల్టన్ వర్సెస్ లా సొసైటీ కేసులో సర్ థామస్ బింగమ్, ఏ ఒక్క సభ్యుని భవిష్యత్తు కంటే వృత్తికున్న నమ్మకమే ముఖ్యమని స్పష్టం చేశారు. లేని ఇంటర్న్‌షిప్పును ఉన్నట్లు వ్రాసినవాడు ఉద్యోగం మాత్రమే కాదు, వృత్తినే పోగొట్టుకోవచ్చు.

కృత్రిమ మేధ సాధనాలతో సమాధానాలు వ్రాయించడం గురించి కొన్ని సంస్థలు తమ సూచనలలో ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాయి. సూచన లేనిచోట కూడా అటువంటి సమాధానాలు ఒకే మూసలో ఉండి, ముందు చెప్పిన పేరు మార్పిడి పరీక్షలోనే తేలిపోతాయి.

భారతీయ విద్యార్థులకు సంబంధించిన విషయాలు

బ్రిటనులో ఒక సంవత్సరపు ఎల్.ఎల్.ఎం. పూర్తి చేస్తే సొలిసిటరు అయినట్లేనని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ లేదా తత్సమానమైన అర్హత, పైన చెప్పిన పరీక్ష, రెండేళ్ళ అనుభవం అవసరం. అయితే భారతదేశంలో అప్పటికే అడ్వొకేటుగా నమోదయినవారు పరీక్షలో ఉత్తీర్ణులైతే చాలు, రెండేళ్ళ అనుభవం చూపనవసరం లేదు. చాలా సంస్థలు ద్వితీయ శ్రేణి ఎగువ భాగాన్ని కనీస అర్హతగా అడుగుతాయి. భారతీయ శాతాలను దీనితో పోల్చడం విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది కాబట్టి, శాతాన్ని ఉన్నది ఉన్నట్లుగా వ్రాసి, తరగతిలో తన స్థానం తెలిస్తే దానిని కూడా పేర్కొనడం మంచిది. వీసాకు పూచీ ఇచ్చేదీ లేనిదీ సంస్థను బట్టి ఉంటుంది. ఆ విషయం ముందే విచారించుకోవాలి.

భాష విషయంలో, 'గౌరవనీయులైన అయ్యా' తరహాలో మనం నేర్చుకున్న ఉత్తరాల ఇంగ్లీషు ఇక్కడ పనికిరాదు. పొట్టి వాక్యాలు, సరైన క్రియలు చాలు. అక్షరదోషాలను మాత్రం క్షమించరు. ఒప్పందంలో ఒక్క సున్నా తప్పిపోతే ఏమవుతుందో వారికి తెలుసు.

దరఖాస్తు తరువాత

వ్రాత సమాధానాలు నెగ్గినవారికి సాధారణంగా తార్కిక పరీక్ష, ఆ పిదప మౌఖిక పరీక్ష ఉంటాయి. కొన్ని సంస్థలు తార్కిక పరీక్షను ముందే పెడతాయి. వీటిలో వాట్సన్ గ్లేజర్ పరీక్ష ప్రసిద్ధమైనది. సెలవుల పథకం పేరిట కొన్ని వారాలు కార్యాలయంలో పనిచేయించి చూసే పద్ధతి కూడా ఉన్నది. మౌఖిక పరీక్షలో దరఖాస్తు ప్రతి పరీక్షకుల ముందే ఉంటుంది, ప్రశ్నలు తరచుగా అందులోని వాక్యాల నుండే వస్తాయి. అందువలన పంపిన ప్రతి దరఖాస్తు నకలును తేదీతో సహా దాచుకోవడం అవసరం.