శ్రమలో నిలకడ

గోల్ఫు ఆటలో 18 గుంటలు ముగియుటకు సుమారు 4 గంటలు పట్టును. బంతిని కొట్టుట క్షణకాలమే, తక్కినదంతయు నడకయే. నేర్పరి కొట్టునప్పుడు మనస్సును బిగించి, నడచునప్పుడు సడలించును. కనుకనే చివరి గుంట వరకు అతని చూపు నిలుచును.

సిరిసిల్ల మరమగ్గముల కార్మికునికిని, జగిత్యాల, కోరుట్లలలో తల వంచి బీడీలు చుట్టు స్త్రీలకును ఈ నేర్పే కావలెనని మేము తలచుచున్నాము. సిరిసిల్లలో ఒక్కడే పెక్కు మగ్గములను చూచుకొనుచు తరచు 12 గంటలు పనిచేయును. తెగిన పోగును కనిపెట్టుట ఆలస్యమైనచో గుడ్డ చెడును, కూలి తగ్గును.

దాహమగు వరకు ఆగక కొంచెము కొంచెముగా నీరు త్రాగవలెను. వైద్యులు ఉప్పు వలదనని వారికి, వేసవి చెమటతో పోయిన ఉప్పును ఉప్పు కలిపిన మజ్జిగ కొంత తీర్చును. ఒకేమారు కడుపునిండ తినినచో మత్తు కలుగును. రెండు విడతలుగా తినుట మేలు. గంటకొకమారు నడుమును, మెడను సాచి, చూపును దూరమునకు మరల్చవలెను. పోగును అతికిన పిమ్మట ఆ చింతను విడువవలెను. తప్పిన దెబ్బనే తలచు ఆటగాడు తరువాతి దెబ్బను కూడ పోగొట్టుకొనును.

అయితే విరామము కార్మికుని చేతిలో మాత్రమే లేదు. అది సోమరితనము కాదు, పనిలో భాగమని యజమానులును గుర్తించిననాడే మనము చెప్పుకొనిన ఈ ఉపాయములు ఫలించును.