ముంపును తప్పించుకున్న రైతు గృహం

రాజప్రాసాదాలు రాజుల వైభవాన్ని చాటుతాయి. సామాన్య గృహస్థు జీవితం తెలియాలంటే రైతు ఇంటి గడప తొక్కవలసిందే. ఇంగ్లండులోని ప్రాచీన రైతు గృహాలలో ‘బేలీఫ్’ ఇందుకు చక్కని నిదర్శనం.

15వ శతాబ్ది ప్రథమార్ధంలో కెంట్ ప్రాంతంలోని చిడింగ్‌స్టోన్ సమీపాన ఈ గృహం నిర్మితమైంది. 1960 దశకంలో బౌ బీచ్ జలాశయ నిర్మాణం తలపెట్టినప్పుడు ఇది ముంపు ప్రాంతంలో చిక్కుకున్నది. ప్రజలకు నీరు అవసరం. అయిదు శతాబ్దాలు నిలిచిన కట్టడమూ అమూల్యమే. ఈ సమస్యకు పరిష్కారం ఆ గృహ నిర్మాణ పద్ధతిలోనే లభించింది.

బేలీఫ్ ఓక్ కలపతో కూర్చిన చట్రం. స్తంభాలను, దూలాలను కుసులతో సంధించి కొయ్య చీలలతో బిగించారు. కప్పు బరువంతా చట్రమే మోస్తుంది. గోడలు తడికెలపై మట్టి మెత్తిన తెరలు మాత్రమే. కనుక చీలలు తీసి, ఏ కొయ్య ఎక్కడిదో గుర్తించి, వేరొకచోట తిరిగి నిలపడం సాధ్యమే. 1968-69లో దీనిని విడదీసి, వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్‌టన్ వద్ద గల వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ ఆరుబయలు ప్రదర్శనశాలకు తరలించి పునర్నిర్మించారు.

ఇంటి నడుమ నేల నుండి కప్పు వరకు అంతస్తు లేని విశాలమైన సావడి ఉన్నది. దాని ఇరువైపులా రెండంతస్తుల భాగాలు. వీటి పై అంతస్తులు ముందుకు పొడుచుకొని ఉండగా, మూడింటినీ ఒకే కప్పు ఆవరిస్తుంది. అందువల్ల సావడి కొంత లోనికి జరిగినట్లు కానవస్తుంది. దాని ఎదుటి చూరును వంపు కొయ్యలు భరిస్తాయి.

సావడి మధ్య నేలమీదనే పొయ్యి. పొగగొట్టం లేదు, పొగ పైకి లేచి కప్పు సందులనుండి వెలుపలికి పోయేది. కిటికీలకు గాజు లేదు. నిలువు కొయ్య కమ్ములు, చెక్క తలుపులే. వెలుతురు కావాలంటే చలిని సైతం ఆహ్వానించవలసినదే! ఒక కొసన ఆహార పానీయాలు భద్రపరచు గదులు. రెండవ కొసన యజమాని గదులు. ఈ రెండవ భాగాన్ని 16వ శతాబ్ది ఆరంభంలో చేర్చారు. ఇంటిలో ఎవరి స్థానమెక్కడో కట్టడమే నిర్ణయించేది.

గృహం చెంతనున్న ధాన్యశాల మరొక ఊరిది. 1536 నాటి ఈ కట్టడాన్ని కౌఫోల్డ్ నుండి తెచ్చి నిలిపారు. ఇటువంటి ధాన్యశాలల నడుమ నూర్పిడి కళ్ళం, దానికి ఎదురెదురుగా పెద్ద తలుపులు ఉండేవి. రెండూ తెరచినప్పుడు వీచే గాలికి ధాన్యాన్ని తూర్పారపట్టేవారు. ఇరుపక్కల అరలలో పంటను నిల్వచేసేవారు. వాననుండి రక్షణకు కప్పు, పొట్టు తొలగించుటకు గాలి: రెండింటినీ ఒకే కట్టడంలో సాధించడం ఆనాటి వడ్రంగుల ప్రతిభ.

నేడు బేలీఫ్ చుట్టూ ఉన్న పొలాలు దాని స్వంత పొలాలు కావు. అవి జలాశయ గర్భంలో కలిసిపోయినవి. కట్టడాన్ని తరలించగలం కాని పుట్టిన నేలను తరలించలేము. అయినను, విడదీయుటకు ముందు ప్రతి కొయ్యనూ ఓపికతో పరిశీలించినందువల్ల ఒక తరం జీవన విధానం నీటిపాలు కాకుండా మిగిలింది. నూతన నిర్మాణాలు చేపట్టేవారికి ఇది మరువరాని పాఠం.