స్టెమ్‌సెల్స్ నుంచి లివర్ కణాలు: ఎలా పెంచుతారు? ఎవరికి పనికొస్తాయి?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో చాలామంది అడిగే ఒక ప్రశ్న తీసుకుందాం. "మా ఇంట్లో ఒకరికి లివర్ పాడైందండీ. ల్యాబ్‌లో కొత్త లివర్ పెంచి పెడతారట కదా, నిజమేనా?" జవాబు ముందే చెప్పేస్తాను. ల్యాబ్‌లో లివర్ కణాలు పెంచుతున్న మాట నిజం. మనిషికి పెట్టే లివర్ మాత్రం ఇంకా రాలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం ఎంతో చూద్దాం.

మొదట ఒక వింత సంగతి. లివర్‌లో మూడింట రెండు వంతులు కోసేసినా, మిగిలింది ఆరోగ్యంగా ఉంటే ఒంట్లో మళ్ళీ పెరుగుతుంది. అందుకే బతికున్న మనిషి తన లివర్‌లో ముక్క దానం చేయగలుగుతున్నాడు. కానీ అవే కణాల్ని బయటికి తీసి గాజు పళ్ళెంలో వేస్తే మామూలుగా పెరగవు. పైగా కొద్ది రోజుల్లోనే తమ పని తాము మర్చిపోతాయి. మరి కావలసినన్ని కణాలు ఎక్కణ్ణుంచి తేవాలి?

ఇక్కడే మూలకణాలు రంగంలోకి వచ్చాయి. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండం నుంచి మూలకణాలు తీసి పెంచింది. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాల్లోకి నాలుగు జన్యువులు పంపి, వాటిని తిరిగి మూలకణాల్లాంటి స్థితికి తెచ్చారు. 2007లో మనిషి కణాలతోనూ అదే సాధించారు. దానికి 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటిని ఐపీఎస్ కణాలు అంటారు. ఇవి ఎంతకాలమైనా పెరుగుతాయి, శరీరంలోని ఏ కణంగానైనా మారగలవు.

సరే, వీటిని లివర్ కణాలుగా ఎలా మారుస్తారు? తల్లి గర్భంలో జరిగేదాన్నే ల్యాబ్‌లో వరుసగా జరిపిస్తారు. పిండం మొదట మూడు పొరలుగా ఏర్పడుతుంది. లివర్ పుట్టేది లోపలి పొర నుంచి. కాబట్టి ముందు యాక్టివిన్-ఏ అనే ప్రోటీన్ ఇచ్చి మూలకణాల్ని లోపలి పొర కణాలుగా మారుస్తారు. గర్భంలో అయితే ఆ తర్వాత పక్కనే తయారవుతున్న గుండె నుంచి, దాని చుట్టుపక్కల కణజాలం నుంచి "నువ్వు లివర్‌వి కావాలి" అనే కబురు అందుతుంది. ఆ కబురు మోసే ప్రోటీన్లే ఎఫ్‌జీఎఫ్, బీఎంపీ. ల్యాబ్‌లో వాటిని పోషక ద్రవంలో కలుపుతారు. చివర్లో కణాలు ముదరడానికి హెచ్‌జీఎఫ్, ఆంకోస్టాటిన్-ఎమ్ ఇస్తారు. మొత్తం సుమారు మూడు వారాల పని.

తయారైనవి లివర్ కణాలేనని ఎలా తెలుస్తుంది? పని చేయించి చూస్తారు. అల్బుమిన్ తయారుచేస్తున్నాయా, అమ్మోనియాని యూరియాగా మారుస్తున్నాయా, చక్కెరని గ్లైకోజెన్‌గా దాచుకుంటున్నాయా అని. ఇవన్నీ కొంతమేర చేస్తాయి. కానీ గర్భంలోని శిశువు లివర్‌లో ఎక్కువగా ఉండే ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్‌ని కూడా ఇంకా తయారుచేస్తూనే ఉంటాయి. మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు పెద్దవాళ్ళ లివర్‌లో ఉన్నంత ఉండవు. అంటే ఇది నారు అన్నమాట, పంట కాదు.

అయితే ఈ నారు కూడా ఒక ప్రాణాన్ని నిలబెట్టడానికి సాయపడింది. 2019లో జపాన్‌లో ఒక బిడ్డ పుట్టింది. అమ్మోనియాని యూరియాగా మార్చే ఎంజైము లోపం. రక్తంలో అమ్మోనియా పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది. లివర్ మార్పిడి చేద్దామంటే పసికందు, కొన్ని నెలలు ఆగక తప్పదు. అప్పుడు అక్కడి జాతీయ శిశు ఆరోగ్య కేంద్రం డాక్టర్లు పిండ మూలకణాల నుంచి పెంచిన సుమారు 19 కోట్ల లివర్ కణాల్ని బిడ్డ లివర్‌కు వెళ్ళే రక్తనాళంలోకి ఎక్కించారు. కొన్ని నెలలు అలా నెట్టుకొచ్చాక, తండ్రి లివర్‌లోంచి ముక్క తీసి మార్పిడి చేశారు. ఇక్కడ కణాలు లివర్ స్థానంలోకి రాలేదు. లివర్ దొరికేదాకా వంతెనలా పనిచేశాయి.

రెండో ఉపయోగం మందుల పరీక్ష. 1993లో అమెరికాలో హెపటైటిస్-బికి ఫియాలురిడిన్ అనే మందు పరీక్షించారు. జంతువుల్లో ప్రమాదం బయటపడలేదు. తీసుకున్న 15 మందిలో ఏడుగురికి లివర్ ఘోరంగా దెబ్బతింది, ఐదుగురు చనిపోయారు. జంతువు లివర్ వేరు, మనిషి లివర్ వేరు. మనిషి లివర్ కణాలు పళ్ళెంలో ఉంటే ఇలాంటి విషం మనుషుల దాకా రాకముందే పట్టుకునే అవకాశం ఉంటుంది.

మరి పూర్తి లివర్ ఎందుకు కష్టం? పెద్దవాళ్ళ లివర్ కిలోకు పైనే ఉంటుంది. అందులో రక్తనాళాలుండాలి, పైత్యం పోయే గొట్టాలుండాలి. 2013లో జపాన్‌లో తకనోరి తకేబే బృందం మూడు రకాల కణాలు కలిపి చిన్న "లివర్ మొగ్గలు" తయారుచేసి ఎలుకల్లో పెట్టింది. వాటి నాళాలు ఎలుక రక్తనాళాలతో కలిశాయి. గొప్ప విషయమే, కానీ అవి కొన్ని మిల్లీమీటర్లు. ఇంకో భయం కూడా ఉంది. మార్చకుండా మిగిలిపోయిన మూలకణాలు ఒంట్లోకి వెళితే కణుతులు కట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి "స్టెమ్‌సెల్ ఇంజెక్షన్‌తో సిరోసిస్ నయం" అని ఎవరైనా లక్షలు అడిగితే, పొలమో బంగారమో అమ్మేముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఐసీఎమ్ఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ పరిశోధన కిందికే వస్తాయి. పరిశోధనలో పాల్గొనే రోగి దగ్గర దానికోసం డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే అక్కడే అనుమానించాలి. ఇవాళ్టికి లివర్ పూర్తిగా చెడిపోయినవాళ్ళకి దారి మార్పిడే. దానికి కావలసింది దాతలు. ఆ మాట ఇంట్లో అందరితో ఒకసారి మాట్లాడండి.