మీటరుగేజి బండికి రూపము వెదకుట

బొమ్మరైలనగా సంతలో కొని పిల్లల చేతికిచ్చి, పిమ్మట అది కాళ్లకడ్డము వచ్చినప్పుడెల్ల కసరుకొను వస్తువని సోదరీమణులలో పలువురు తలంతురు. మేము చెప్పబోవునది యట్టిది కాదు. ఒకనాడు నిజముగా నడచి నేడు నడవని బండిని, చక్రమునకు చక్రము, మెట్టునకు మెట్టు సరిపోవునట్లు అట్టతోను కఱ్ఱతోను చిన్నదిగా కట్టుట. ఇందులకు మొదట కావలసినది కత్తెరయు కాదు, జిగురును కాదు, మంచి ఛాయాచిత్రము.

మా వడ్డేపల్లిలో రైలు లేదు. గద్వాల నుండి కర్నూలునకు పోవు దారిలోని ఇటిక్యాల, మానవపాడు, అలంపురము రోడ్డు స్టేషనులే యీ ప్రాంతము వారికి ఆధారము. ఆ దారి నిజాము కాలమున మీటరుగేజిగా పడినది. దేశమంతట ఒకే వెడల్పు పట్టాలుండవలెనను ఏర్పాటు 1992లో మొదలైన పిమ్మట ఇదియు పెద్దపట్టాల దారియైనది. మా మామగారు చిన్నపట్టాల నాడు కీమానుగా నుండి, భుజమున సుత్తి పెట్టుకొని ఎండనక వాననక పట్టాల వెంట నడచినవారు. ఇప్పుడు వారికి చూపు బొత్తిగా మందగించినది. మా పిల్లలా, పొగబండిని కన్నులార చూచి యెఱుగరు. తాతగారు వర్ణించుటయు, మనుమలు నమ్మకపోవుటయు నిత్యము జరుగుచుండగా, మావారు పాఠశాలకు సెలవులిచ్చిన దినములలో ఈ పనికి పూనుకొనిరి. చిత్రములు వెదకు భారము మాపై పడినది.

అంతర్జాలమున 'పాతరైలు' అని వెదకినవారికి వేయి బొమ్మలు వచ్చును గాని ఒక్కటియు పనికి రాదు. పురాణములలో ఒకే పురుషునకు పది నామములున్నట్లు మన రైలుదారులకును నామములు పెక్కు. ఈ రాజ్యమున తొలిబండి వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో నడచినది. తరువాత నిజాముగారి గ్యారంటీడు స్టేటు రైల్వే యనియు, 1930 పిమ్మట నిజాము స్టేటు రైల్వే యనియు, 1951 నుండి సెంట్రల్ రైల్వే యనియు, 1966 అక్టోబరు 2వ తేదీ నుండి దక్షిణమధ్య రైల్వే యనియు పేర్లు మాఱినవి. ఏ యేటి చిత్రము కావలెనో ఆ యేటి పేరుతోనే పిలువవలెను. ఊరిపేర్లును అంతే. దొరలు తమ నోటికి వచ్చినట్లు వ్రాసికొనిరి గనుక 'కృష్ణా' యన్న దొరకని వంతెన 'కిస్ట్నా' యన్న పలుకును. బెజవాడ యనక విజయవాడ యన్న పాతచిత్రములు మౌనము వహించును. ద్రోణాచలమును 'డోను' అనియు వెదకవలెను. అన్నిటికంటె మేలైన తాళపుచెవి ఇంజను తరగతి పేరు. మీటరుగేజి ప్రయాణికుల బండ్లను తఱచుగా లాగినది వై.పి. తరగతి. 1949 మొదలుకొని ఇట్టివి 871 తయారైనవి. కొన్ని అమెరికాలోను, కొన్ని గ్లాస్గోలోను, కొన్ని జర్మనీలోను, తక్కినవి మన జంషెడ్‌పూరులోను. ఆ రెండక్షరములతో వెదకిన నాడు మాకు తలుపులు తెఱచుకొనినవి.

ఇంజను కట్టినవారే తీయించిన చిత్రములు మిక్కిలి విలువైనవి. పూర్వము కార్ఖానాలో క్రొత్త ఇంజను ముగిసిన వెంటనే దానికి మెఱుపు లేని బూడిదరంగు పూసి చిత్రము తీయించెడివారట! నల్లరంగులో మేకులును గొట్టములును మఱుగుపడును, మెఱుపులో వెలుగు చెదరును గనుక ఈ యుపాయము. ఒక్కొక్కప్పుడు కెమెరా వైపునకు మాత్రమే ఆ రంగు పూయుటయు కలదు. పెండ్లికూతునకు మొగమున మాత్రము పసుపు రాచినట్లు! గ్లాస్గో కార్ఖానాను 1962లో మూసివేసినను దాని చిత్రములును పటములును ఆ నగరపు గ్రంథాలయమునను విశ్వవిద్యాలయమునను భద్రముగా నున్నవి. మన యిండ్లలో పాతకాగితము కనబడిన చిత్తుకాగితముల వాని తక్కెడలో వేయుట తలచుకొన్న మాకు సిగ్గు కలిగినది.

చిత్రము దొరకిన చాలదు, కొలత రావలెను. ఇది వంటింటి త్రైరాశికమే. వై.పి. ఇంజను పెద్దచక్రము అడ్డుకొలత 1372 మిల్లీమీటర్లు. చిత్రమున ఆ చక్రము 18 మిల్లీమీటర్లున్నచో, అందలి ఒక మిల్లీమీటరు నిజమునకు రమారమి 76. ఇక అదే వరుసలోనున్న మెట్టు, కడ్డీ, కిటికీ అన్నియు లెక్కకు వచ్చును. మేము ఏబదింట ఒకవంతుగా కట్టుచున్నాము గనుక మీటరు వెడల్పు పట్టాలు 20 మిల్లీమీటర్లయినవి, చక్రము 27 దాటినది. కాని బండికి ఎదురుగా నిలిచి దూరము నుండి తీసిన చిత్రమునకే ఈ లెక్క చెల్లును. మూలనుండి తీసిన సొగసైన చిత్రమున ముందుచక్రము గుమ్మడికాయ, వెనుకచక్రము నిమ్మకాయ.

రంగు విషయమున మఱింత జాగ్రత్త వలయును. పూర్వపు గాజుఫలకములలో పెక్కింటికి ఎఱుపు తెలియదు. ఎఱ్ఱనిది నల్లగాను, నీలము తెల్లగాను పడును. చిత్రమున నల్లగా నున్నదని పెట్టెకు మసిరంగు పూయరాదు. ఫలకమును తిరుగవేసి అచ్చొత్తిన కుడి యెడమలు తాఱుమాఱగును. అట్టిచో బండిమీది అంకెలు అద్దములో చూచినట్లుండును; మొదట వానిని చదువవలెను. మఱియొక మాట. పరుల చిత్రమును చూచి ఇంట బొమ్మ కట్టుకొనుట వేఱు, అనుమతి లేక అచ్చువేయుట వేఱు.

ఇంజను ముగిసిన నాడు మామగారి ఒడిలో నుంచితిమి. వారు వ్రేళ్లతో ముందు చిన్నచక్రములు నాలుగు, నడుమ పెద్దవి ఆఱు, వెనుక రెండు తడవి లెక్కించి, తల యూచి, "ఇంజను సరే బిడ్డా, ఆడోళ్ల డబ్బా ఏదీ?" అనిరి.

ఆ ప్రశ్నకు మావద్ద ఉత్తరము లేకపోయినది. పొగబండ్లు అంతరించుచున్న దినములలో దూరదేశముల నుండి వచ్చి చిత్రములు తీసికొనిపోయిన వారి శ్రమకు మేము ఋణపడియున్నాము. అయినను వారి కన్నంతయు ఇంజను మీదనే. వెనుక పెట్టెలు పొగలో కలిసిపోయినవి; స్త్రీల పెట్టె యెట్లుండెనో ఎవరికి పట్టినది? ఆలోచించిన, స్త్రీల రూపమును నిలుపుటకు ఈ దేశమున ప్రత్యేకముగా ఏర్పాట్లు చేయవలసి వచ్చినది. సికింద్రాబాదున ఛాయాచిత్రశాల నడపిన రాజా దీనదయాళుగారు 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీల కొఱకు వేఱుగా ఒక చిత్రశాల తెఱచి, కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత చేతికి అప్పగించిరి. వారి గాజుఫలకములు 2857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. ఘోషాస్త్రీలకు అంతటి శ్రద్ధ లభించినది గాని, చంటిబిడ్డను చంకనెత్తుకొని మూటతో బండియెక్కిన కూలిస్త్రీకి లభించలేదు.

తుదకు దొరకినది అంతర్జాలమున గాదు, పొరుగింటి అవ్వగారి పెట్టెలో. కర్నూలు స్టేషనులో అప్పగింతలనాడు తీసిన చిత్రమట. పెండ్లికూతురు తల వంచి యున్నది. ఆమె వెనుక పెట్టె మెట్లు రెండు, చేతికడ్డీ, సగము కిటికీ స్పష్టముగా నున్నవి. ఫొటోగ్రాఫరుకు అక్కఱలేనిదే మాకు నిధియైనది. అవ్వగారిని అడిగి దానిని ఎండతగులని చోట సెల్లుఫోనుతో తీసికొని, మూలమును వారికే మరల ఇచ్చితిమి. క్రిందనున్న పట్టా నుండి మెట్టు ఎత్తు లెక్కకు వచ్చినది. కడ్డీ వంపును మామగారు గాలిలో చేయి త్రిప్పి చూపిరి. కిటికీకి అడ్డుకమ్ములు మూడో నాలుగో తేలవలసియున్నది. చిత్రమున ఆ చోట పెండ్లికూతురి పూలజడ యడ్డము వచ్చినది. ఆ దారిని ప్రయాణము చేసిన సోదరీమణుల యిండ్లలో అట్టి చిత్రము మఱియొకటి యున్నయెడల, దయతో ఒకసారి తీసి చూడుడు. అంతవఱకు ఆ కిటికీని మేము కోయక ఆపియుంచినాము.