రాబందుల కోసం వంద అడుగుల పంజరం.. లోపలి పక్షికి మనిషి కనిపించొద్దు! ఎందుకంటే..?

ఒకప్పుడు ఊరి బయట పశువు కళేబరం పడేస్తే గంటల్లో ఎముకలే మిగిలేవి. రాబందుల గుంపు దిగి మొత్తం ఊడ్చేసేది. ఇప్పుడు చాలా ఊళ్లలో పిల్లలకు రాబందు అంటే ఫోన్‌లో చూసిన బొమ్మే. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. అందుకే మిగిలిన వాటిని పట్టి, పంజరాల్లో పెట్టి, గుడ్లు పెట్టించి పిల్లల్ని చేయించాల్సి వచ్చింది. కానీ కోళ్ల ఫారం పెట్టినంత ఈజీ కాదు ఇది. అసలు ఆ పంజరం ఎలా ఉండాలో తెలుసా?

హర్యానాలోని పింజోర్‌లో జటాయువు పేరుతో దీనికో కేంద్రం ఉంది. హర్యానా అటవీశాఖతో కలిసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దీన్ని నడుపుతోంది. 2001లో జబ్బు పడ్డ రాబందులను చూసుకునే చోటుగా మొదలై, 2004లో సంతానోత్పత్తి కేంద్రంగా మారింది. మన లేపాక్షి కథలో రెక్కలు తెగి పడిన జటాయువు పేరే దీనికి పెట్టడం భలే కుదిరింది.

పంజరం కాదు.. చిన్న ఊరు!

పింజోర్‌లో పెద్ద పంజరం కొలత 100 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. అందులో 40 పక్షుల దాకా ఉంటాయి. అంత పెద్దది ఎందుకంటే.. రాబందు రెక్కలు చాస్తే దాదాపు రెండు మీటర్లు. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు ఎగరడానికి చోటు లేకపోతే కండరాలు పట్టు తప్పుతాయి. అలాంటి పక్షిని రేపు బయటికి వదిలినా ఎగరలేదు.

గుంపుగా ఉంచడానికి ఇంకో కారణం ఉంది. రాబందుల్లో ఏది మగ, ఏది ఆడ అనేది కంటితో చూసి చెప్పలేం. రెండూ ఒకేలా ఉంటాయి. డీఎన్ఏ పరీక్ష చేయాల్సిందే. పరీక్ష చేసి ఒక మగను, ఒక ఆడను తెచ్చి గదిలో పెడితే అవి కలుస్తాయన్న గ్యారంటీ లేదు. గుంపులో వదిలేస్తే జోడీని అవే వెతుక్కుంటాయి. డేగల దగ్గర మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాటిని గుంపుగా పెడితే ఒకదాన్నొకటి చంపేస్తాయి. జంటకో గది కట్టాల్సిందే.

ఇక లోపల ఏముండాలి? తెల్లవీపు రాబందు చెట్ల మీద గూడు కడుతుంది, పొడుగుముక్కు రాబందు కొండ చరియల్లో కడుతుంది. కాబట్టి ఎత్తులో అరుగులు ఏర్పాటు చేసి, పుల్లలు, ఆకులు వేయాలి. గూడు మాత్రం అవే కట్టుకుంటాయి. కూర్చునే దుంగలకు కొబ్బరి తాడు చుట్టాలి. నున్నగా, గట్టిగా ఉన్న కర్ర మీద రోజంతా కూర్చుంటే నాలుగైదు కిలోల బరువుకి అరికాళ్లకు పుండ్లు పడతాయి. చూడ్డానికి చిన్న విషయమే, పక్షి ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గోడ. మనిషి కనిపిస్తే బెదిరి జాలీకి కొట్టుకుంటాయి, రెక్కలు విరుగుతాయి. పొదుగుతున్న జంట అయితే గుడ్డు వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే చుట్టూ వెదురు తడికెల్లాంటి మరుగు ఉండాలి. తిండి, నీళ్లు బయటి నుంచే అందాలి. లోపల ఏం జరుగుతోందో సీసీ కెమెరాలో చూడాలి. పైగా మనిషికి అలవాటు పడిన రాబందు అడవిలో బతకడం కష్టం.

ఏడాదికి ఒక్కటే గుడ్డు

రాబందు జంట ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆడ, మగ వంతులేసుకుని 50 రోజులకు పైగా పొదుగుతాయి. పిల్ల ఎగరడానికి మరో నాలుగు నెలలు, పెద్దదై జోడీ కట్టడానికి దాదాపు ఐదేళ్లు. కళ్ల ముందు సంఖ్య పెరగాలంటే ఎంత ఓపిక పట్టాలో మీరే లెక్కేయండి. దీనికి ఒక ఉపాయం ఉంది. మొదటి గుడ్డును తీసి ఇంక్యుబేటర్‌లో పెడితే, ఆ జంట కొన్ని వారాల్లో మళ్లీ గుడ్డు పెడుతుంది. అలా ఏడాదికి రెండు పిల్లలు. పింజోర్‌లో 2008లో తెల్లవీపు, 2009లో సన్నముక్కు, 2010లో పొడుగుముక్కు రాబందు పిల్లలు బయటికొచ్చాయి.

తిండి విషయంలో ఇంకా జాగ్రత్త. మేకలను కనీసం వారం రోజులు అక్కడే ఉంచాకే వాటి మాంసం పెడతారు. కారణం డైక్లోఫెనాక్. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన ఈ మందు కళేబరంలో మిగిలి ఉంటే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై చస్తుంది. వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో ఉన్నా చాలు, మొత్తం జాతి కూలిపోతుంది. 2004లో ఈ సంగతి తేలింది, 2006లో పశువులకు వాడకుండా కేంద్రం నిషేధించింది.

మరి పిల్లల్ని వదిలేదెక్కడ?

అసలు చిక్కు ఇక్కడే. 2020లో పింజోర్ నుంచి ఎనిమిది తెల్లవీపు రాబందులను వదిలారు. వదలడానికి ముందు వాటిని అడవి పక్షులు కనిపించే పంజరంలో ఉంచారు. వాటికి ట్రాన్స్‌మిటర్లు కట్టారు. పంజరం ఎంత బాగా కట్టినా బయట ఒక్క విషపు కళేబరం ఉంటే పడ్డ కష్టమంతా పోతుంది. అందుకే వదిలే చోటు చుట్టూ వంద కిలోమీటర్ల మేర ఆ మందులు లేకుండా చూడాలని నిపుణులు అంటున్నారు.

మన దగ్గర హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోనూ రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఉంది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టిన సంగతి కూడా తెలిసిందే.

ఇంట్లో డేగనో రాబందునో పెంచి పిల్లల్ని చేయిద్దాం అనుకునేవారికి ఒక మాట. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పట్టినా, దగ్గర ఉంచుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. దెబ్బ తగిలిన పక్షి కనిపిస్తే అటవీశాఖకు ఫోన్ చేయండి.

పశువులున్న వాళ్లు చేయగలిగింది కూడా ఉంది. డైక్లోఫెనాక్‌తో పాటు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో, ఆ తర్వాత నిమెసులైడ్‌ను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. మీ ఆవుకో గేదెకో నొప్పి ఇంజెక్షన్ చేయించాల్సి వస్తే, రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ వేయొచ్చా అని పశువైద్యుణ్ని అడగండి.