చెవిలో ‘గుయ్’మంటోందా?

మీది రేపల్లె అనుకోండి. తెనాలిలో పెళ్ళికి వెళ్ళి, ఊరేగింపులో సౌండు బాక్సుల పక్కనే రెండు గంటలు నడిచారు. మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కారు. పక్కనే కూర్చున్న అమ్మమ్మ ఏదో అంటోంది. పెదవులు కదులుతున్నాయి గాని మాట తెలియడం లేదు. చెవుల్లో దూది కుక్కినట్టుంది, లోపల ‘గుయ్’మని ఒకటే రొద! సాయంత్రానికి అదే సర్దుకుంది. అయితే నష్టమేమీ జరగలేదన్నమాటేనా? చూద్దాం.

శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. మూడు చిన్న ఎముకలు ఆ కదలికను నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తానికి అందిస్తాయి. అందులో సుమారు 15 వేల రోమకణాలున్నాయి. వాటి కొసలనున్న రోమాలు వంగినప్పుడు పుట్టే సంకేతాలే నాడి ద్వారా మెదడుకు చేరతాయి.

గాలికి వరిచేను వంగి లేవడం మీరు చూసిందే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో చేలు నేలకొరిగాయి. రోమకణాలదీ అదే తీరు. పెద్ద హోరుకు అలసి, కొన్ని గంటల విశ్రాంతితో తేరుకుంటాయి. ఇదే తాత్కాలిక వినికిడి లోపం. హోరు మరీ ఎక్కువైనా, పదేపదే తగిలినా చచ్చిపోతాయి. కోడిపిల్లలో అవి మళ్ళీ పుడతాయి. మనలో పుట్టవు!

ఇంకో సంగతి. 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు కుజావా, లిబర్‌మన్ ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దాన్ని రెండు గంటలు వినిపించారు. కొద్దిరోజుల్లో వినికిడి మామూలైంది. కాని కొన్నిచోట్ల రోమకణాలను నాడికి కలిపే బంధాలు సగందాకా శాశ్వతంగా పోయాయి. అంటే, “తగ్గిపోయింది” అనుకున్నా లోపల దెబ్బ మిగిలి ఉండవచ్చు.

డెసిబెల్ లెక్క మోసపుచ్చుతుంది. 10 పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలు, 100 అయితే 20 నిమిషాలే!

మీటరు లేకపోయినా ఒక గుర్తుంది. బియ్యం మిల్లులోనైనా, ఊరేగింపులోనైనా చేయి చాచినంత దూరంలో ఉన్నవారితో అరిచి మాట్లాడవలసివస్తే అది చెవికి ప్రమాదకరమైన చోటే. దూరంగా జరగండి. మిల్లులో పనిచేసే నాన్నకో, మామయ్యకో చెవిబిరడాల సంగతి చెప్పండి. ఇయర్‌ఫోన్ శబ్దం తగ్గించి, మధ్యమధ్య చెవికి విరామమివ్వండి. రొద రెండు రోజులకూ తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి చెవి వినిపించకపోతే మాత్రం ఒక్కరోజైనా ఆగవద్దు.

‘గుయ్’మనే ఆ రొద మీ చెవి పెట్టిన మొర. ఈసారి వినిపిస్తే ఆలకిస్తారు కదూ!