గొర్రెల కాలజ్ఞానం

ఫ్రాన్సు దేశపు దక్షిణ ప్రాంతంలో రోక్‌ఫోర్ అనే చిన్న గ్రామం ఉన్నది. అక్కడి కొండగుహలలో మాగబెట్టే నీలిచారల చీజ్‌కు 1925లోనే ఆ స్థలనామంపై చట్టరక్షణ లభించింది. దానిని లకోన్ జాతి గొర్రెల పాలతోనే తయారు చేయాలి. అయితే ఈ మందలు సంవత్సరమంతా పాలివ్వవు. శీతాకాలంలో మొదలైన పాడి వేసవిలో ఆగిపోతుంది. ఇందుకు మూలం గొర్రె శరీరంలో దాగి ఉన్న కాలజ్ఞానమే.

గొర్రె ఋతువును ముఖ్యంగా రాత్రి నిడివిని బట్టి గ్రహిస్తుంది. చీకటి పడగానే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును స్రవిస్తుంది. దూరదేశ విమానప్రయాణం తరువాత నిద్ర కుదుటపడటానికి కొందరు మాత్రగా వేసుకొనేది ఈ పదార్థమే. శరదృతువులో రాత్రులు పెరిగేకొద్దీ ఈ స్రావం ఎక్కువసేపు సాగుతుంది. ఆ సూచన అందుకొన్న మెదడు పీయూషగ్రంథి ద్వారా అండాశయాలను మేల్కొలుపుతుంది. అప్పటినుండి గొర్రె సుమారు 17 రోజులకొకసారి ఎదకు వస్తుంది. చూడి కాలం దాదాపు ఐదు నెలలు. కనుక శరత్తులో చూడి కట్టిన గొర్రె వసంతంలో ఈనుతుంది. తల్లికీ పిల్లకూ పచ్చిక సిద్ధంగా ఉంటుంది.

భూమధ్యరేఖకు చేరువైన ప్రాంతాలలో ఈ నియమం సడలుతుంది. నెల్లూరులో అతిదీర్ఘమైన పగటికీ, అతిహ్రస్వమైన పగటికీ మధ్య తేడా గంటన్నర పైచిలుకు మాత్రమే. రోక్‌ఫోర్‌లో అది సుమారు ఆరున్నర గంటలు. అందుచేత మాంసానికై పెంచే నెల్లూరు గొర్రెలు, మేత సమృద్ధిగా ఉంటే, ఏ ఋతువులోనైనా ఎదకు రాగలవు.

రోక్‌ఫోర్ కాపరి చిక్కు ఇక్కడే ఉన్నది. వసంతపు పచ్చిక మొలిచేనాటికి మంద నిండు పాడిలో ఉండాలంటే, గొర్రెలు శీతాకాలపు తొలిదినాలలోనే ఈనాలి. అనగా పగళ్లు మిక్కిలి దీర్ఘంగా ఉండే వేసవిలోనే చూడి కట్టాలి. ఉత్తరాది జాతులకంటె లకోన్ గొర్రెకు ఋతుబంధం కొంత తక్కువే అయినా, అది ప్రకృతికి ఎదురీతే. ఆ అదను తప్పిన గొర్రె ఆ శీతాకాలానికి వట్టిపోయినట్లే. మేత ఖర్చు మాత్రం తప్పదు.

ఇందుకు కాపరులకు రెండు మార్గాలు ఉన్నవి. మొదటిది హార్మోను చికిత్స. సుమారు రెండు వారాలపాటు మందు నింపిన స్పాంజిని గొర్రె యోనిలో ఉంచి, పిదప చూలు గుర్రాల రక్తం నుండి తీసిన హార్మోనును సూదిమందుగా ఇస్తారు. మంద అంతా ఒకేసారి ఎదకు వస్తుంది. కృత్రిమ గర్భధారణకు ఇది ఎంతో అనువు. కాని ఐరోపా సేంద్రియ వ్యవసాయ నిబంధనలు దీనిని అనుమతించవు. గుర్రాల నుండి రక్తం తీయడంపైనా తీవ్రమైన అభ్యంతరాలున్నవి.

రెండవది మందులేని మార్గం. పొట్టేళ్లను నెలకు పైగా మంద కంటికి, ముక్కుకు అందనంత దూరంలో ఉంచి, ఒక్కసారిగా విడుస్తారు. ఆ వాసన సోకిన రెండు మూడు రోజులలోనే అనేక గొర్రెలలో అండం విడుదలవుతుంది. ఈ తొలి విడుదల తరచుగా ఎద లక్షణాలు లేకుండానే జరిగిపోతుంది. చూడి కట్టేది సుమారు మూడు వారాల తరువాతనే. అంతవరకు కాపరికి ఓర్పు కావాలి.

ఋతునియమం పూర్వం అడవి గొర్రె తన పిల్లను చలి నుండి, ఆకలి నుండి కాపాడుకొన్న ఉపాయం. పాడికోసం దానిని కొంత జరపవచ్చును గాని, పూర్తిగా తుడిచివేయడం సాధ్యం కాలేదు.